తెల్లబడ్డ తోటకూర

కొమురయ్య ప్రయోగశాల గేటు దగ్గరికి చేరేసరికి ఉదయం పది దాటింది. ఘట్‌కేసర్ దాటి ఎక్కడో ఉన్న తన ఊరి నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు. చంకలో తడిగుడ్డ చుట్టిన కట్ట ఒకటుంది. ఎవరు కావాలని కాపలావాళ్లు అడిగితే, "కస్తూరి మేడం. ఎనిమిదో నంబరు వచ్చిండని చెప్పుండ్రి" అన్నాడు. వాళ్లకు ఆ మాట అర్థం కాలేదు గాని, లోపలికి కబురు వెళ్లగానే కస్తూరి గబగబా మెట్లు దిగి వచ్చింది.

ఎనిమిదో నంబరును ఆమె మరిచిపోలేదు. రెండు నెలల కిందట మూత్రపిండాల్లో చీము పట్టి, ఏ మందుకూ లొంగని సూక్ష్మజీవి రక్తంలోకి పాకి, స్పృహ తప్పి వచ్చిన మనిషి. కస్తూరి వాళ్లు తయారుచేసిన కొత్త మందును మనుషుల మీద పరీక్షిస్తున్న రోజులవి. ఆ మందు పుచ్చుకున్నవారిలో అతను ఎనిమిదోవాడు. అయిదో రోజున లేచి కూర్చుని చాయ్ అడిగాడు. ఇంటికి వెళ్లి ఇప్పటికి అయిదు వారాలు.

"మళ్ల జ్వరమొచ్చిందా కాకా?" అంది కస్తూరి.

"నాకేం కాలేదు బిడ్డా, మంచిగున్న. గీ కూరకే ఏదో అయింది."

కట్ట విప్పాడు. తోటకూర. కింది ఆకులు మామూలుగానే ఉన్నాయి. నడుమ నుంచి పైకి వెళ్లేకొద్దీ పచ్చదనం పాలిపోయి, చిగుళ్లు తెల్ల కాగితంలా ఉన్నాయి. చీడ మచ్చ ఒక్కటి కూడా లేదు.

"తెగులేమో కాకా."

"నలభై ఏండ్ల సంది కూరలు పండిస్తున్న. తెగులు నాకు తెల్వదా? ఇను." కొమురయ్య గేటు పక్కన అరుగు మీద కూర్చున్నాడు. "నాకు నాలుగు మళ్లున్నయి. ఒకటే విత్తనం, ఒకటే దినం చల్లినం, ఒకటే బోరు నీళ్లు. ఇంటి పక్క మడే తెల్లగయింది. దానికి మా తానాల గది నీళ్లు కూడా పోతయి. సబ్బు పాపమేమో అనుకున్న. సబ్బు బందు పెట్టిన. అయినా తెల్లగనే వస్తుంది. అప్పుడు రెండు డబ్బాల మన్ను పోసి, రెండిట్ల గింజలేసిన. ఒకదాంట్ల నా ఉచ్చ కలిపిన నీళ్లు, రెండోదాంట్ల మా ఆమెది. ఆమె డబ్బా పచ్చగొచ్చింది. నాది గిట్లొచ్చింది."

అంతా చెప్పి ఆమె ముఖంలోకి చూశాడు. నవ్వుతుందేమోనని అనుమానం. కస్తూరి నవ్వలేదు. పదమూడేళ్లుగా ప్రయోగశాలలో ఉన్న మనిషి ఆమె. కొమురయ్య చేసినది ఎంత శుద్ధమైన ప్రయోగమో ఆమెకు తెలుసు. అదే ఆమెకు భయం కూడా పుట్టించింది.

ఆ మధ్యాహ్నమే అతన్ని కారెక్కించుకుని ఊరికి వెళ్లింది. కొమురయ్య భార్య నర్సవ్వ గడపలో కూర్చుని, చెప్పులు వేసుకునే వచ్చిన ఈ మేడంను ఎగాదిగా చూసింది.

"బొల్లి కూర అంటున్నరమ్మా," అంది నర్సవ్వ. "అంగట్ల ఒక్క కట్ట ముట్టలే. మంచి మళ్ల కూర తీస్కపోయినా, గా ఇంటిదేనా అని అడుగుతున్నరు."

మడి నిజంగానే అలా ఉంది. చుట్టూ పచ్చగా ఉన్న మూడు మళ్ల మధ్య, దుప్పటి ఆరేసినట్టు ఒక తెల్లటి చతురస్రం. కస్తూరి వంగి మట్టి, ఆకులు, మురుగు నీళ్లు సీసాల్లోకి తీసుకుంటుంటే కొమురయ్య పక్కనే కూర్చుని కట్టలు కట్టడానికి జనపనార పేనుతున్నాడు.

"అడుగుదామనుకున్న బిడ్డా. ఆస్పత్రిల సోయి లేకుండె. గీ మందు అసలు ఏం జేస్తది?"

కస్తూరి అతని చేతిలోని తాడు తీసుకుంది. రెండు పేటల తాడు. ఒక కొస గుంజకు కట్టింది.

"ఇది సూక్ష్మజీవి లోపలుండే డీఎన్‌ఏ అనుకో కాకా. అది ఎట్ల బతకాలె, ఎట్ల పెరగాలె, అంతా దీంట్లనే రాసుంటది. ఒక జీవి రెండు కావాలంటే ఈ రెండు పేటలు విడదియ్యాలె. తియ్యి."

కొమురయ్య పేటలు రెండు చేతులతో పట్టి లాగాడు. జానెడు విడిపోయేసరికి, మిగతా తాడులోకి పురి అంతా పోగుపడి ముడతలు ముడతలుగా మెలి తిరిగింది.

"ఇగ రాదు. పురెక్కి మెలి పడ్డది."

"నువ్వైతే ఏం జేస్తవ్?"

"ఏం జేస్త. ఒక దగ్గర కోసి, పురి వదిలిచ్చి, మళ్ల అతుకుత."

"సూక్ష్మజీవి లోపల అదే పని చేసే ఎంజైమ్ ఒకటున్నది. కత్తీ అదే, అతికే చెయ్యీ అదే. కోస్తది, పురి వదిలిస్తది, అతుకుతది. దినాం అదే పని. మా మందు, అది కోసినంక అతకకముందు పోయి పట్టుకుంటది. ఇగ వదలదు. అందుకే దానికి బిగి అని పేరు పెట్టినం."

"అంటే తాడు తెగే ఉంటది."

"అవును. జీవి చస్తది."

కొమురయ్య తాడు మెలిని వేళ్లతో సరిచేశాడు. "మరి నా ఒంట్ల తాడుకు?"

"మనుషుల ఎంజైమ్ తీరు వేరు. బిగి దానికి పట్టది. పట్టదని రూఢి చేసుకున్నంకనే నీకిచ్చినం."

"మరి ఆకుది?"

కస్తూరి ఒక తెల్ల చిగురును తుంచి విడిగా సీసాలో పెట్టుకుంది.

ప్రయోగశాలకు తిరిగి వచ్చాక ఆమె ఒక పల్చటి ఆకు ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టింది. పచ్చని తోటకూర ఆకులో ప్రతి కణం నిండా చిన్న చిన్న పచ్చని గింజలుంటాయి. ఎండను పట్టి మొక్కకు అన్నం వండేవి అవే. తెల్లటి చిగురులో కణాలు బాగానే ఉన్నాయి గాని, గింజలు మాత్రం ఒకటీ అరా, అవీ పాలిపోయి ఉన్నాయి.

డిగ్రీలో చదివి పరీక్ష అయిపోగానే మరిచిపోయిన పాఠం ఒకటి ఆమెకు గుర్తొచ్చింది. ఆ పచ్చని గింజలు మొదట్లో మొక్కవి కావు. వంద కోట్ల ఏళ్లకు పూర్వం నీళ్లలో తిరిగే ఒక పచ్చని సూక్ష్మజీవి ఇంకో కణం లోపలికి చేరి, అక్కడే కాపురం పెట్టింది. దానికి చోటు దొరికింది, కణానికి తిండి దొరికింది. ఆ కాపురం నుంచే భూమ్మీది వరి, వేప, గడ్డిపరక, అన్నీ వచ్చాయి. అన్ని కోట్ల ఏళ్లయినా ఆ గింజ తన సొంత డీఎన్‌ఏ దాచుకునే ఉంది. దాని పురి విప్పడానికి ఇప్పటికీ ఆ పాత ఎంజైమే పనిచేస్తోంది. బిగి దాని పూర్వీకుణ్ణి గుర్తుపట్టినట్టే దాన్నీ గుర్తుపట్టింది.

కస్తూరి సూక్ష్మదర్శిని నుంచి తల ఎత్తలేకపోయింది. తను మనుషుల రోగాల గురించి పనిచేస్తున్నానని అనుకుంది ఇన్నాళ్లూ. కిటికీ బయట కదులుతున్న కానుగ ఆకుల్లో కూడా తన శత్రువు చుట్టాలే ఉన్నారు. ఆ క్షణంలో భయం కన్నా ముందు ఆమెకు కలిగింది ఆశ్చర్యం. ఎవరినైనా పిలిచి చూపించాలనిపించింది.

తరువాత పది రోజులు ఆమె వరి నారు పోసింది. పాత మందులు కూడా ఆకును కొంత తాకుతాయి. కాని అవి పట్టు వదిలేస్తాయి, మట్టిలో కొన్నాళ్లకు చెడిపోతాయి. బిగి గొప్పతనమే అది చెడిపోకపోవడం. ఎదురుతిరిగిన సూక్ష్మజీవులు ఎంజైమ్ రూపు కాస్త మార్చుకున్నా, బిగి పట్టు జారదు. దాన్ని ఎండలో పెట్టింది, మరగబెట్టింది, మట్టిలో పూడ్చింది. నారు తెల్లగానే వచ్చింది. ఒక్క రోగి పద్నాలుగు రోజుల మందు మూత్రంలో బయటికొచ్చి, కాలవలో కలిస్తే, ఎకరం నారు పాలిపోతుంది. మొక్కల మీద పరీక్ష చివర్లో చేద్దామని వాయిదా వేసిన కాగితం మీద తన సంతకం కూడా ఉంది.

లెక్కలు తీసుకుని వామనరావు గదిలోకి వెళ్లింది. ఆ ప్రయోగశాలకు పెద్ద ఆయనే. బిగి అణువు మొదటి బొమ్మ గీసింది కూడా ఆయనే, ఇరవై రెండేళ్ల కిందట. మండపేట దగ్గర పుట్టిన మనిషి. ఇన్నేళ్లు హైదరాబాదులో ఉన్నా మాట మారలేదు.

ఆయన పేజీలన్నీ చదివాడు. తెల్ల నారు కుండీని చేత్తో తడిమి చూశాడు.

"ఇది ఇంకెవరికి తెలుసమ్మా?"

"కొమురయ్యకు తెలుసు సార్. మొదట కనిపెట్టింది ఆయనే."

"ఇవాళ ఆసుపత్రి వార్డులో బిగి తీసుకుంటున్నవాళ్లు ఎంతమంది ఉన్నారు?"

"పదకొండు మంది."

"ఈ నివేదిక పరీక్షలకు అనుమతినిచ్చిన కమిటీకి వెళ్లిందంటే సాయంత్రానికల్లా మందు ఆపేయమంటారు. ఆ తస్లీమాకి ఇది ఎన్నో రోజు?"

"అయిదో రోజు."

"తొమ్మిది రోజులు ఆగండి. ఆ అమ్మాయి కోర్సు అవ్వనివ్వండి. తరువాత మీరు పంపండి, నేనే సంతకం పెడతాను."

"తొమ్మిది రోజులు పదకొండు మంది సార్. వాళ్ల మురుగు ఎక్కడికి పోతోందో మనకు తెలుసు ఇప్పుడు. నిన్నటిదాకా తెలియదు."

వామనరావు కోప్పడలేదు. అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మీరు ఒకసారి ఆ పిల్లని చూసి వచ్చి చెప్పండి."

కస్తూరి వెళ్లింది. తస్లీమా బడిపంతులమ్మ, ఇరవై ఏడేళ్లు. ఆపరేషన్‌తో కాన్పయిన మూడో రోజు నుంచి జ్వరం. నాలుగు రకాల మందులు పనిచేయక ఇక్కడికి తెచ్చారు. అద్దం అవతల ఆమె తల్లి పసిపిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ రోజే జ్వరం కాస్త తగ్గింది. తస్లీమా పెదాలు ఎండిపోయి ఉన్నాయి గాని, కళ్లు తేటగా ఉన్నాయి.

"మేడం, పాపకు పేరు పెట్టలేదు ఇంకా," అంది. "నేను ఇంటికి పోయినంకనే పెట్టాలని మా అమ్మ మొండికేసింది. ఇంకెన్ని రోజులు?"

"తొమ్మిది," అంది కస్తూరి. ఆ మాట నోట్లోంచి వచ్చాక గాని, తను మాట ఇచ్చానని ఆమెకు తెలియలేదు.

ఆ సాయంత్రమే నివేదిక పంపింది. అందులో ఒక విన్నపం కూడా రాసింది. కొత్తవారిని చేర్చుకోము, ఈ పదకొండు మందిని మాత్రం మధ్యలో వదలవద్దు, వారి మలమూత్రాలు ఒక్క బొట్టు బయటికి పోకుండా పీపాల్లో పడతాము అని. వామనరావు చాలాసేపు కలం పట్టుకుని కూర్చుని, కింద తన సంతకం కూడా చేశాడు.

కమిటీ మర్నాడే జవాబిచ్చింది. పట్టడం సరే, పట్టినదాన్ని ఏం చేస్తారు? మూడు రోజుల్లో దారి చూపించండి, లేకపోతే ఆపండి.

దారి ఎవరికీ తెలియదు. మరగబెడితే మందు చెడదు. నీళ్లతో సహా కాల్చాలంటే, రోజుకు పీపాలకు పీపాలు కాల్చే కొలిమి ఎక్కడా లేదు. వార్డు ఆయాలు ముక్కులకు గుడ్డ కట్టుకుని పీపాలు నింపుతూనే ఉన్నారు. కస్తూరి కూడా చేతొడుగులు వేసుకుని వాళ్లతో పాటు మోసింది. రెండో రోజు మధ్యాహ్నం కొమురయ్య ఫోన్ చేశాడు.

"బిడ్డా, మడి కాలువ మొన్ననే మూసేసిన, నువ్వు చెప్పినట్టే. కూరంతా పీకి కుప్పేస్తున్నం. ఒక్క మూల మాత్రం పచ్చగున్నది."

"ఏ మూల?"

"పొయ్యి బొగ్గులు పోసే మూల. మా ఆమె నన్ను తిట్టుకుంట దినాం అక్కడనే పోస్తది. నీళ్లు అటు కూడా పోయినయి. అయినా పచ్చగున్నది."

కస్తూరి ఫోన్ పట్టుకునే లేచి నిలబడింది. బొగ్గు. దాని ఒళ్లంతా కంటికి కనపడని చిల్లులే, దొరికినదాన్నల్లా పీల్చి పట్టుకుంటుంది. నీళ్లు శుభ్రం చేసే యంత్రాల్లో వాడేదే. ఆమె ఆలోచన కొలిమి దగ్గరే ఆగిపోయింది ఈ రెండు రోజులూ. నీటిని కాల్చక్కర్లేదు. మందును బొగ్గు పట్టుకుంటుంది. ఆ బొగ్గును కాల్చవచ్చు.

గంటలో ఒక పీపా అడుగున ఇసుక, పైన నలగ్గొట్టిన బొగ్గు, దానిపైన మళ్లీ ఇసుక పోశారు. కింద కారిన నీటిని మందు జాడ పట్టే యంత్రంలో పెట్టారు. మొదటిసారి సగం తగ్గింది. బొగ్గును ఇంకా మెత్తగా చేసి, వరసగా మూడు పీపాల్లోంచి వదిలారు. ఈసారి యంత్రం ఏమీ పట్టలేదు. అనుమానంతో నాలుగుసార్లు చూశారు. వామనరావు చొక్కా చేతులకు మసి పూసుకుని పీపా పక్కనే కింద కూర్చుండిపోయాడు.

"ఇరవై రెండేళ్లు పల్లెటూరి వాళ్లకి అందే మాత్ర చేద్దామని కష్టపడ్డానమ్మా," అన్నాడు. "తీరా చూస్తే పల్లెటూరికే పంపకూడని మందు చేశాను."

కస్తూరి పక్కనే కూర్చుంది. ఆయన చేతికి నీళ్ల సీసా ఇచ్చింది.

పదకొండు మందిలో తొమ్మిది మంది బతికారు. తస్లీమా పద్నాలుగో రోజున వార్డు మారింది. మందు ఒంట్లోంచి పూర్తిగా పోయేదాకా ఇంకో ఇరవై రోజులు అక్కడే ఉండి, పాపతో ఇంటికి వెళ్లింది. కమిటీ తుది ఉత్తర్వు కూడా వచ్చింది. బొగ్గు పీపాలు, వాటి మీద కన్ను వేసే మనిషి ఉన్నచోటే బిగి ఇవ్వాలి. మాత్రలుగా అమ్మకూడదు. కొమురయ్య మడిలో అడుగు లోతు మట్టి తవ్వి లారీల్లో ఎత్తుకుపోయారు. ఏడాది దాకా అందులో ఏమీ వేయవద్దన్నారు. అతను తవ్వినంతసేపూ గట్టు మీద నిలబడి చూశాడు. నర్సవ్వ లోపలినుంచి రాలేదు. వామనరావు కొత్త అణువు బొమ్మ గీయడం మొదలుపెట్టాడు. పది రోజులు పట్టుకుని ఆ తరువాత తనంతట తనే విరిగిపోయేది. ఇంకో ఇరవై రెండేళ్లు ఆయనకు లేవని అందరికీ తెలుసు.

జ్యేష్ఠ మాసం మొదట్లో, ఆసిఫాబాద్ అడవుల అంచున ఉన్న ఒక చిన్న ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఆత్రం లచ్చుబాయి అనే గోండు మనిషి, నలభై ఏళ్లుంటాయి, కాలి గాయం నుంచి రక్తం విషమైంది. కదిలిస్తే దారిలోనే పోతుంది. బిగి పంపగలరా అని డాక్టరు అడిగాడు. అక్కడ పీపాలు లేవు, యంత్రం లేదు. ఉత్తర్వు ప్రకారం కస్తూరి కుదరదని చెప్పాలి.

ఆమె కొమురయ్యకు ఫోన్ చేసింది. "కాకా, మెత్తటి బొగ్గు ఎన్ని సంచులు దొరుకుతయి?"

"ఎన్ని గావాలె?"

"ముప్పై. నువ్వు కూడా కావాలె."

వ్యాను బయలుదేరేసరికి తెల్లవారుతోంది. మధ్యాహ్నానికి మందు లచ్చుబాయి రక్తనాళంలోకి వెళ్లింది. కొమురయ్య వార్డు వెనక పీపాలు దించి, ఇసుక, బొగ్గు పొరలు పోసి, నర్సులకు ఎట్లా దంచాలో, ఎప్పుడు మార్చాలో చూపించాడు. యంత్రం లేదు కాబట్టి దానికి బదులు, ఆఖరి పీపా కింద కారే నీటిలో మెంతులు నానబెట్టి సాసరులో మొలకెత్తించమన్నాడు. "తెల్లగొస్తే బొగ్గు నిండినట్టు. పచ్చగొస్తే మంచిగున్నట్టు. కండ్లుంటే చాలు."

ఏడు రోజులు లచ్చుబాయి జ్వరం దిగలేదు. కస్తూరి వెనక్కి వెళ్లలేక అక్కడే ఉండిపోయింది. ఎనిమిదో రోజున లచ్చుబాయి కళ్లు తెరిచి, అంబలి అడిగి, తాగి, మంచం కింద పెట్టిన మూతగిన్నెను, దాన్ని తీసుకుపోయే నర్సును, పుస్తకంలో రాసుకుంటున్న కస్తూరిని చూసింది.

"నా ఉచ్చకు గింత కాపలా ఎందుకు?"

కొమురయ్య గుమ్మంలోంచి చెప్పాడు. "నాకు పెట్టలే అక్కా. నా మడి పోయింది."

జరిగిందంతా చెప్పాడు. తెల్ల తోటకూర, డబ్బాలు, లారీలు. లచ్చుబాయి చివరిదాకా వింది. ఆమెకు వాగు పక్కన రెండెకరాలుంది. జొన్న వేస్తుంది. ఇంటి నీళ్లన్నీ వాగులోకే.

పద్నాలుగు రోజులయ్యాయి. కాలు మానింది. ఆసుపత్రికి గేటు లేదు, ఆపేవాళ్లు లేరు. పదహారో రోజున వాన పడింది. చుట్టూ గూడేల వాళ్లు నాగళ్లు కట్టుకుని పోతుంటే లచ్చుబాయి వసారాలో కూర్చుని చూసింది. కొడుకు వచ్చి బండి తెచ్చానన్నాడు. అదను పోతుందన్నాడు. ఆమె వాడికి గోండిలో ఏదో చెప్పి పంపేసింది. వాడు రెండుసార్లు వెనక్కి తిరిగి చూస్తూ వెళ్లాడు.

"ఏం చెప్పినవ్?" అంది కస్తూరి.

"నువ్వు విత్తుకో, నేను రానన్న. నా ఒంట్ల మందు పొయ్యేదాక ఆ వాగు దాటనన్న."

రోజూ పొద్దున్నే ఆమె మూత్రం కలిపిన నీళ్లలో నానిన మెంతుల సాసరు ఒకటి కిటికీలో పెట్టేవారు. మొదట్లో మొలకలు దారాల్లా తెల్లగా వచ్చేవి. తరువాత లేత పసుపు. ముప్పై ఆరో రోజున లచ్చుబాయి తనే సాసరును వెలుతురులోకి ఎత్తి, చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది. మొలకలన్నీ పచ్చగా ఉన్నాయి. కస్తూరిని పిలవలేదు. సాసరు కింద పెట్టి, మంచం కింద నుంచి చెప్పులు తీసి వేసుకుంది.